కంప్యూటర్ డబ్బాలో గాలి దారి

ఏటా మార్చి దాటిందంటే కంప్యూటర్ గదుల నుంచి ఒకే మాట వినిపిస్తుంది: "సార్, ఇరవై నిమిషాలు నడుస్తది, మల్ల బందైపోతది." చలికాలమంతా బాగా పనిచేసిన మిషన్ ఎండలు ముదరగానే మొరాయిస్తుంది. దానికి వైరస్ పట్టిందని నిర్ణయించి కామారెడ్డికో, మెదక్‌కో తీసుకుపోతారు. విండోస్ మళ్ళీ వేయించి, డబ్బులిచ్చి తెచ్చుకుంటారు. ఏసీ ఉన్న దుకాణంలో అది చక్కగానే నడిచి ఉంటుంది. మన రేకుల గదికి వచ్చిన మూడో రోజున మళ్ళీ అదే తంతు. రెండుసార్లు ఇలా తిరిగాక "పాతదైపోయింది" అని మూలకు నెడతారు. ఇన్నేళ్ళ ఉపాధ్యాయ వృత్తిలో నేను చూసిన మూలపడ్డ కంప్యూటర్లలో చాలావాటిని వయసు చంపలేదు. వేడి, దుమ్ము కలిసి చంపాయి.

దాతలు చదివే సంచికలో ఈ విషయం ఎందుకంటే, ఆ మిషన్లు మీ డబ్బుతో వచ్చినవే. పైగా అవి ఆగిపోయేది సరిగ్గా అవసరం ఎక్కువగా ఉన్న నెలల్లో. పదో తరగతి ఫలితాలు, పాలిసెట్, డిగ్రీ ప్రవేశాల దోస్త్ దరఖాస్తులు అన్నీ ఏప్రిల్ నుంచి జూన్ లోపే పడతాయి. వేసవి సెలవుల్లో టైపింగ్, ఇన్‌పేజ్‌లో ఉర్దూ అక్షరాల కూర్పు నేర్చుకుందామని వచ్చే ఆడపిల్లలకు కూడా అవే రోజులు దొరుకుతాయి. అప్పుడు ఆరు కంప్యూటర్లలో మూడే పనిచేస్తే, దూరపు తండా నుంచి ఆటో ఎక్కి వచ్చిన పిల్ల వంతు కోసం కూర్చుని కూర్చుని వెళ్ళిపోతుంది.

ముందు పేర్ల సంగతి. మనం సీపీయూ అని పిలిచే ఇనుప డబ్బా నిజానికి సీపీయూ కాదు. సీపీయూ అంటే లోపల మదర్‌బోర్డు మీద కూర్చునే చిన్న చిప్పు, అదే ప్రాసెసర్. డబ్బాను క్యాబినెట్ అందాం. ప్రాసెసర్ మీద రెక్కలు రెక్కలుగా ఉండే అల్యూమినియం దిమ్మె హీట్ సింక్. దాని మీద చిన్న ఫ్యాను. క్యాబినెట్ వెనక ఇంకో ఫ్యాను. కరెంటు తీగ వచ్చి కలిసే పెట్టె పవర్ సప్లై, దానికీ తన ఫ్యాను ఉంటుంది.

కంప్యూటర్ లాక్కునే కరెంటంతా దాదాపుగా చివరికి వేడిగానే మారుతుంది. ఒక మామూలు మిషన్ గట్టిగా పనిచేస్తూ 120 వాట్లు తీసుకుంటోందనుకుందాం. అంటే సెకనుకు 120 జౌళ్ళ వేడి ఆ డబ్బాలో పుడుతోంది. ఒక ఘనపు మీటరు గాలి ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 1,200 జౌళ్ళు కావాలి. లోపలి గాలి గది కంటే పది డిగ్రీలకు మించి వేడెక్కకూడదనుకుంటే, సెకనుకు పది లీటర్ల గాలి ఆ డబ్బాలోంచి ప్రవహించాలి. నిమిషానికి 600 లీటర్లు. ఫ్యాన్లు తయారుచేసేవాళ్ళు దీన్ని ఘనపు అడుగుల్లో చెబుతారు. వాళ్ళ లెక్కలో నిమిషానికి 21. 120 మిల్లీమీటర్ల ఫ్యాను పెట్టె మీద 40, 50 అని రాసి ఉంటుంది గనుక ఒక్కటి చాలు కదా అనిపిస్తుంది. కానీ ఆ అంకె అడ్డంకి లేని చోట కొలిచింది. ముందు జాలీ, లోపల తీగలు, వెనక చిల్లుల రేకు, వీటన్నిటి మీదా దుమ్ము చేరితే ఆ ప్రవాహం సగానికీ, ఇంకా కిందికీ పడిపోతుంది. గాలి సగమైతే పది డిగ్రీల పెరుగుదల ఇరవై అవుతుంది. మే నెల మధ్యాహ్నం గదిలో 42 ఉంటే డబ్బాలో 62. ప్రాసెసర్ వేడి దానికి మరింత పైన.

ఇక్కడొక మాట ఖాయంగా గుర్తుంచుకోవాలి. ఫ్యాను ఏ వస్తువునూ గది వేడి కంటే చల్లగా చేయలేదు. వేడిని మోసుకుపోవడమే దాని పని. అందుకే హైదరాబాద్ ఏసీ ఆఫీసులో ఐదేళ్ళు ఏ ఫిర్యాదూ లేకుండా నడిచిన మిషన్ మన దగ్గర మొదటి వేసవికే ఆగుతుంది. మిషన్ మారలేదు, చుట్టూ ఉన్న గాలి మారింది.

వేడి మితిమీరితే ప్రాసెసర్ మొదట తన వేగం తానే తగ్గించుకుంటుంది. "చాలా స్లో అయింది సార్" అనే ఫిర్యాదు అదే. ఇంకా పెరిగితే కాలిపోకుండా మిషన్ తనంతట తాను ఆగిపోతుంది. కొత్తకాలపు ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి ఈ హద్దు 100 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఆగిపోవడం రోగం కాదు, తనను తాను కాపాడుకోవడం. అసలు నష్టం మెల్లగా జరిగేది పక్కనున్న భాగాలకు. పవర్ సప్లైలో, మదర్‌బోర్డు మీద ఉండే గుండ్రటి కెపాసిటర్లకు పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క.

ఇక గాలి దారి. మన పాత మట్టి ఇళ్ళలో వంటింటి కప్పుకు గవాక్షం ఉండేది. కింద దర్వాజాలోంచి గాలి వచ్చేది, పొగను తీసుకుని పైనుంచి పోయేది. ఇరాన్‌లోని యజ్ద్ పట్టణంలో ఇళ్ళ మీద బాద్‌గీర్ అనే గాలి గోపురాలు కట్టారు. అక్కడి దౌలతాబాద్ తోటలోనిది సుమారు 33 మీటర్ల ఎత్తు. రెండింటిలోనూ గాలి వచ్చే చోటు వేరు, పోయే చోటు వేరు, మధ్యలో మనుషులు. క్యాబినెట్‌లోనూ అంతే. ముందు కింది భాగం నుంచి గాలి లోపలికి, హార్డ్ డిస్కు మీదుగా, ప్రాసెసర్ మీదుగా, వెనక పైభాగం నుంచి బయటికి. వేడిగాలి తనంతట పైకి పోతుందిలే అని వదిలేయకూడదు. ఇంత చిన్న డబ్బాలో ఆ శక్తి చాలా తక్కువ. ఫ్యాను ఎటు తోస్తే గాలి అటే పోతుంది.

ఫ్యాను ఎటు తోస్తోందో తెలుసుకోవడం తేలిక. దాని ఇరుసును పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీలు ఏ వైపున ఉన్నాయో గాలి అటువైపు నుంచి బయటికొస్తుంది. కొన్నిటి అంచు మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. నేను పిల్లలకు అగర్బత్తి పెట్టి చూపిస్తాను. ముందు జాలీ దగ్గర పట్టుకుంటే పొగ లోపలికి లాగబడాలి, వెనక పట్టుకుంటే దూరంగా తోయబడాలి. ఒకసారి బాగుకు వెళ్ళొచ్చిన మిషన్‌కు వెనక ఫ్యాను తిరగేసి బిగించి ఇచ్చారు. అది బయటి గాలిని లోపలికి తోస్తోంది, దాని పక్కనే ఉన్న పవర్ సప్లై ఆ గాలినే మళ్ళీ బయటికి లాగేస్తోంది. ప్రాసెసర్ దాకా కొత్త గాలి చేరడం లేదు. నాలుగు స్క్రూలు విప్పి ఫ్యానును తిప్పి బిగించాక ఆ వేసవంతా అది ఆగలేదు.

మనకు దానంగా వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఆఫీసులు వాడి తీసేసినవి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్‌లో కొన్నవీ ఉంటాయి. వీటిలో డెల్ ఆప్టిప్లెక్స్ వంటి మోడళ్ళు తెరిస్తే ప్రాసెసర్ మీద ఒక పెద్ద ప్లాస్టిక్ తొడుగు కనిపిస్తుంది. అడ్డంగా ఉందని దాన్ని తీసి పారేసేవాళ్ళున్నారు. అది అలంకారం కాదు. ముందు ఫ్యాను లాగిన గాలి పక్కలకు చెదరకుండా నేరుగా హీట్ సింక్ రెక్కల మధ్యకు చేర్చే సొరంగం. పెంటియం 4 కాలంలో ప్రాసెసర్లు విపరీతంగా వేడెక్కుతుంటే, ఇంటెల్ 2003లో గాలి దారినే ప్రధానంగా పెట్టుకుని బీటీఎక్స్ అనే కొత్త అమరికను ప్రకటించింది. ఆ తర్వాత తక్కువ వేడి పుట్టించే ప్రాసెసర్లు రావడంతో 2006లో దాన్ని పక్కన పెట్టింది. సొరంగం ఆలోచన మాత్రం ఆఫీసు కంప్యూటర్లలో మిగిలిపోయింది. కాబట్టి ఆ తొడుగు ఊడితే తిరిగి బిగించండి.

నాగిరెడ్డిపేట వైపు దుమ్ముకు ఒక ప్రత్యేకత ఉంది. పోచారం, మంజీర నీళ్ళున్న ప్రాంతం, వరి ఎక్కువ. యాసంగి కోతలు సరిగ్గా ఎండలు మండే రోజుల్లోనే వస్తాయి. హార్వెస్టర్లు లేపే నూగు, రోడ్ల మీద ఆరబోసిన వడ్ల దుమ్ము కిటికీల్లోంచి వచ్చి హీట్ సింక్ రెక్కల మధ్య దూదిలా పేరుకుంటుంది. పైనుంచి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఫ్యాను తీసి చూస్తే కింద రెక్కలే కనిపించవు. ఇంకోవైపు, గదిలో పెట్టిన నీళ్ళ కూలరు తేమను తెస్తుంది. ఆ తేమకు దుమ్ము అట్టలా గట్టిపడుతుంది. కూలరు గాలి నేరుగా మిషన్ల మీదికి కొట్టకుండా చూడాలి. ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి, లేకపోతే చల్లదనమూ రాదు, తేమా పోదు.

శుభ్రం చేసే పద్ధతి చెబుతాను. ప్లగ్గు పూర్తిగా తీసి, క్యాబినెట్‌ను ఆరుబయట నీడకు తేవాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. మెత్తటి పెయింటు బ్రష్షుతో దుమ్ము రేపి, బ్లోయర్‌తో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను పెన్సిల్‌తో ఆపి పట్టుకోవడం మరిచిపోవద్దు. గాలి దెబ్బకు అది అడ్డూ అదుపూ లేకుండా తిరిగితే లోపలి బేరింగు పాడవుతుంది. తడి గుడ్డ వాడకూడదు. పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు తీశాక కూడా దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. దాన్ని బయటి జాలీ నుంచే ఊదాలి.

ప్రాసెసర్‌కూ హీట్ సింక్‌కూ మధ్య ఒక పేస్టు ఉంటుంది. రెండు లోహపు ఉపరితలాల మధ్య కంటికి కనిపించని సందుల్లో గాలి నిలవకుండా అది పూడుస్తుంది. ఏళ్ళు గడిస్తే ఎండి పెళుసుబారుతుంది. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కంది గింజంత కొత్తది మధ్యలో పెట్టి హీట్ సింక్‌ను సమానంగా అదమాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోవడం పొరపాటు. ఇంటెల్ మిషన్‌తో వచ్చే మామూలు కూలర్‌కు నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ గూటాలుంటాయి. వాటిలో ఒక్కటి సరిగ్గా దిగకపోయినా ఆ మూల లేచిపోయి, పేస్టు ఎంత మంచిదైనా వృథా.

పక్క రేకు తీసేసి టేబుల్ ఫ్యాను పెట్టడం మన దగ్గర బాగా ప్రచారంలో ఉన్న చిట్కా. ఆ క్షణానికి ప్రాసెసర్ వేడి తగ్గవచ్చు కూడా. కానీ ముందు నుంచి వెనకకు ఉన్న దారి తెగిపోతుంది, దుమ్ము పదింతలు చేరుతుంది, రాత్రి బల్లులు దూరతాయి, చిన్నపిల్లల వేళ్ళూ దూరతాయి. వడ్రంగి చేసే కంప్యూటర్ టేబుళ్ళది ఇంకో సమస్య. క్యాబినెట్ కోసం అందంగా గూడు కట్టి, వెనక పలక కొట్టి, ముందు తలుపు కూడా పెడతారు. అలాంటి గూట్లో మిషన్ తాను వదిలిన వేడినే మళ్ళీ పీల్చుకుంటుంది. వెనక పలక కోసేయించండి. గోడకు జానెడు దూరం వదలండి. నేల మీద కాకుండా పీట మీద పెట్టండి. అల్లిన గుడ్డ కప్పాలనుకుంటే మిషన్ ఆపి, చల్లారాక కప్పండి. యూపీఎస్‌ను క్యాబినెట్ నెత్తిన పెట్టడం కూడా చూస్తుంటాం. దానిలోని బ్యాటరీకి 25 డిగ్రీల దగ్గర ఉండే ఆయుష్షు, మరో పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగానికి పడుతుంది. దాన్ని విడిగా ఉంచాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5,000 ప్రభుత్వ పాఠశాలలకు కంప్యూటర్ విద్య పథకం వచ్చింది. దానిలో ఎన్‌కంప్యూటింగ్ పరికరాలు వాడారు. ఒకే క్యాబినెట్‌కు చిన్న పెట్టెల ద్వారా అనేక మానిటర్లు, కీబోర్డులు కలిపే పద్ధతి అది. కరెంటు ఆదా, గదిలో వేడి తక్కువ, ఖర్చూ తక్కువ. మన చిన్న కేంద్రాలకు ఇప్పటికీ పనికొచ్చే ఆలోచనే. అయితే ఆ ఒక్క డబ్బా వేడెక్కి ఆగితే దాని మీద ఆధారపడ్డ పిల్లలందరి తెరలూ ఒకేసారి ఆరిపోతాయి. అలాంటి చోట గాలి దారి మీద శ్రద్ధ రెట్టింపు ఉండాలి.

ఇక ఖర్చు. ఒక ఫ్యాను కొన్ని వందల రూపాయలు. పేస్టు గొట్టం ఒకటి అనేక మిషన్లకు వస్తుంది. ముందు జాలీకి లోపలివైపు దోమతెర ముక్క కత్తిరించి బిగిస్తే దుమ్ము చాలా ఆగుతుంది, నెలకోసారి తీసి ఉతకాలి. తీగలు కట్టే ప్లాస్టిక్ పట్టీలు, బ్రష్షు, ఒక బ్లోయర్. పది మిషన్ల గదికి ఇదంతా కలిపినా ఒక కొత్త కంప్యూటర్ ధరకు దరిదాపుల్లోకి రాదు. కంప్యూటర్లు ఇచ్చే దాతలు దొరుకుతున్నారు, ఆ గొప్పతనం కాదనను. కానీ ఫ్యాన్ల కోసం, ఎగ్జాస్టు కోసం, రేకుల కింద సీలింగు కోసం ఇస్తామన్నవాళ్ళు అరుదు. దాని మీద పేరు రాసే చోటు ఉండదు కాబోలు. ఈ ఏడు పదకొండో కంప్యూటర్ ఇవ్వాలనుకుంటున్నవారు, ఆ మొత్తంతో ఉన్న పదింటినీ బతికించమని అడిగి చూడండి.

ఇచ్చేముందు గది చూడండి. కిటికీకి ఎదురుగోడ మీద, పైన, ఎగ్జాస్టు ఫ్యాను ఉందా? మిషన్ ఆన్ చేస్తూ ఎఫ్2 లేదా డిలీట్ మీట నొక్కితే వచ్చే తెరలో చాలా మిషన్లు ప్రాసెసర్ వేడి, ఫ్యాను వేగం చూపిస్తాయి. ఆ అంకెలను నెలకోసారి ఒక నోటుబుక్కులో రాయించండి. పదో తరగతి పిల్లలు గణితం రికార్డు రాసినంత తేలిగ్గా రాస్తారు. గత నెల కంటే పది డిగ్రీలు పెరిగిన మిషన్‌ను ముందుగా విప్పాలి. మొత్తం గది శుభ్రం చేసే పనిని ఫిబ్రవరి చివర్లో పెట్టుకుంటే ఎండల కంటే ముందే పూర్తవుతుంది. కోతలు అయ్యాక, వానలు పడకముందు జాలీలు ఇంకోసారి ఉతికితే చాలు.