ఈసుకుపోయిన దూడ, ఊరి ఆరోగ్యం: పంచాయతీ బాధ్యత, పాల సంఘం బాధ్యత

చూడి గేదె నెలలు నిండకుండా ఈసుకుపోతే ఆ ఇంటికి రెండు నష్టాలు. దూడ పోతుంది, ఆ ఈత పాడి పోతుంది. మూడవ నష్టం ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ లెక్కవేయరు. అది ఊరి నష్టం. ఆ పిండం, మాయ, ఉమ్మనీరు ఎక్కడ పడ్డాయో అక్కడినుంచి రోగం మరొక కొట్టానికీ, మరొక మనిషికీ పాకవచ్చు. దాన్ని ఆపే బాధ్యత ఎవరెవరిది, అందులో మన పాల సంఘం చేయగలిగినదేమిటి అన్నది ఈ పాఠంలో తెలుసుకుందాం.

రోగం సంగతి

పశువులు ఈసుకుపోవడానికి దెబ్బలు, పోషణ లోపం, రకరకాల రోగాలు కారణం కావచ్చు. వాటిలో అందరికన్నా ముందుగా అనుమానించవలసింది బ్రూసెల్లోసిస్. దీన్నే ఈసుడు రోగం అంటాము. ఈ రోగం తగిలిన పశువు సాధారణంగా చూడి అయిదో నెల దాటిన తరువాత ఈసుకుపోతుంది. మాయ సకాలంలో పడదు. తిరిగి చూలు కట్టడం ఆలస్యమవుతుంది.

ఇందులో మోసం ఎక్కడున్నదంటే, ఒకసారి ఈసుకుపోయిన పశువు మరుసటి ఈతకు చాలావరకు మామూలుగానే ఈనుతుంది. రోగం పోయిందని రైతు సంతోషిస్తాడు. కాని క్రిములు ఒంట్లోనే ఉంటాయి. ప్రతి ఈతలోనూ ఉమ్మనీటితో, మాయతో, ఆపైన పాలతో బయటికి వస్తూనే ఉంటాయి. పశువుకు దీన్ని పూర్తిగా నయం చేసే నమ్మకమైన వైద్యం లేదు.

మనిషికి ఇది రెండు దారుల్లో వస్తుంది. పచ్చిపాలు తాగడం ఒకటి. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను వట్టి చేతులతో తీయడం రెండవది. చేతిమీద చిన్న గీత ఉన్నా చాలు. వచ్చిపోతూ ఉండే జ్వరం, రాత్రి చెమటలు, నడుమునొప్పి, కీళ్లనొప్పులు వారాల తరబడి బాధిస్తాయి. మలేరియా అనో టైఫాయిడ్ అనో మందులు మింగుతూ కాలం గడిచిపోతుంది. సరైన పరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన మందులు సుమారు ఆరు వారాలు వాడితే నయమవుతుంది. కొట్టంలో పని ఎక్కువగా చేసేది మన ఆడవారే కాబట్టి ఈ ప్రమాదం ముందుగా వారిదే.

మాల్టా దీవి నేర్పిన పాఠం

మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులకు ఏటేటా ఒక వింత జ్వరం వచ్చేది. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఆ జ్వరానికి కారణమైన క్రిమిని కనుగొన్నాడు. ఆ క్రిమి ఎక్కడినుంచి వస్తున్నదో మాత్రం తేలలేదు. 1905లో థెమిస్టోక్లిస్ జమ్మిత్ అనే ఆ దీవి వైద్యుడు పైకి ఆరోగ్యంగా కనిపిస్తున్న మేకల్లో ఆ రోగం ఉన్నట్లు పట్టుకున్నాడు. జ్వరం మేకపాలతో వస్తున్నదని తేలింది. 1906లో సైనికులకు మేకపాలు ఆపివేశారు. వారిలో జ్వరం వెంటనే తగ్గిపోయింది. ఊళ్లలోని జనం మాత్రం పచ్చిపాలు మానలేదు. వారిని ఆ జ్వరం ఇంకా ఎన్నో ఏళ్లు వదలలేదు.

రెండుచోట్లా రోగం ఒకటే, దాన్ని గురించిన తెలివిడీ ఒకటే. ఒకచోట కనిపెట్టి చూసి నిర్ణయం అమలు చేసేవారున్నారు, రెండోచోట లేరు. తేడా అంతే. మన గ్రామాల్లో అలా కనిపెట్టి చూడవలసినవారు ఎవరు?

చట్టం ఏమంటున్నది

1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాలను పేర్కొన్నది. పశుపోషణ, పాడి పరిశ్రమ, తాగునీరు, ఆరోగ్యం, పారిశుధ్యం ఈ పట్టికలోనే ఉన్నాయి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం మురుగు పారుదల, చెత్తకుప్పల తొలగింపు, దిక్కులేని పశు కళేబరాలను పారవేయించడం, అంటురోగాల నివారణ, మంచినీటి సరఫరా గ్రామ పంచాయతీ విధులని చెబుతున్నది. నిధుల మేరకు చేయాలన్న షరతు ఉన్న మాట నిజమే. అయినా అవి దయతో చేసే పనులు కావు, విధులు. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం కూడా పారిశుధ్యాన్ని పంచాయతీ మీదనే ఉంచింది.

పశువుల అంటురోగాల నివారణకు 2009లో కేంద్ర చట్టం ఒకటి వచ్చింది. బ్రూసెల్లోసిస్ ఆ చట్టం పట్టికలో ఉన్న రోగం. తన పశువుకు ఇటువంటి రోగం సోకిందన్న అనుమానం కలిగిన యజమాని గ్రామాధికారికి గాని పంచాయతీకి గాని తెలియజేయాలి. అక్కడినుంచి కబురు దగ్గరలోని పశువైద్యునికి చేరాలి. రోగపు పశువును వేరుగా కట్టాలి. రోగమని తెలిసి సంతకు తోలడం నిషిద్ధం. కళేబరాన్ని చెరువులో, కాలువలో వేయడం నేరం.

ఎవరు ఏది చూస్తున్నారు?

పశువైద్యుడు పశువును చూస్తాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు జ్వరం వచ్చిన మనిషిని చూస్తాడు. పంచాయతీ బావిని, మురుగును, దిబ్బను చూస్తుంది. ఒక వీధిలో రెండు గేదెలు ఈసుకుపోయి, అదే వీధిలో ఒక ఇల్లాలికి నెల రోజులుగా జ్వరం ఉంటే, ఈ రెంటినీ కలిపి చూసేవారు లేరు.

ఆ కలిపి చూసే అవకాశం పాల సంఘానికి ఉన్నది. రోజూ రెండు పూటలా ప్రతి పాడి ఇంటి పాలూ మన కేంద్రానికి వస్తాయి. ఏ ఇంటినుంచి పాలు ఆగిపోయాయో పాలు పోసే పుస్తకం చెబుతుంది. ఏ పశువు ఎప్పుడు ఈనాలో కృత్రిమ గర్భధారణ రిజిస్టరు చెబుతుంది. ఈనవలసిన నెల దాటినా ఆ ఇంటినుంచి పాలు రాకపోతే కారణం అడగడం కార్యదర్శికి పెద్ద పని కాదు. ఒక ఇంటికి తన ఒక్క గేదె సంగతే తెలుస్తుంది. ఒక్క వీధిలో ఒకే కారులో మూడు పశువులు ఈసుకుపోయిన సంగతి సంఘం పుస్తకంలోనే బయటపడుతుంది.

పాలతో చేసే పరీక్ష కూడా ఒకటి ఉంది. ఆవుల పచ్చిపాలలో రంగు కలిపిన మందుచుక్క వేసి గంటసేపు వెచ్చగా ఉంచితే, రోగం ఉన్న మందలో పైకి తేలిన మీగడ వలయానికి రంగు పడుతుంది. ఇది మందలో రోగం ఉందన్న అనుమానాన్ని మాత్రమే చూపుతుంది. జున్నుపాలు, పొదుగువాపు పాలు కలిస్తే తప్పుగా కూడా చూపవచ్చు. ఫలానా పశువుకు రోగం ఉన్నదని తేల్చేది రక్తపరీక్షే.

దాచిపెట్టడం ఎందుకు?

చెబితే పశువు ధర పడిపోతుందని, సంఘంలో పాలు పోయనివ్వరని, ఇరుగుపొరుగు వేలెత్తి చూపుతారని రైతుకు భయం. ఇది అర్థం లేని భయమని మేము అనము. ఒక్క గేదె మీద బతికే ఇంటికి అది నిజమైన కష్టమే. కాని దాచి సంతలో అమ్మిన పశువు మరొక ఊరి కొట్టంలో అదే నష్టాన్ని మొదలుపెడుతుంది. మన కొట్టానికి కూడా రోగం అలాగే వచ్చి ఉండవచ్చు. అందుచేత చెప్పిన రైతును వెలివేసినట్లు చూడరాదు. చెప్పినవాడు నష్టపోయి, దాచినవాడు లాభపడే ఊరిలో ఏ చట్టమూ పనిచేయదు.

చేయవలసిన పనులు

1. పశువు ఈసుకుపోతే, కారణం ఏదైనా సరే, పరీక్ష తేలేవరకు దాన్ని అంటురోగంగానే భావించాలి. పశువును వేరుగా కట్టి పశువైద్యునికి కబురు పెట్టాలి.

2. పిండాన్ని, మాయను వట్టి చేతులతో ముట్టరాదు. రబ్బరు తొడుగులు లేకపోతే చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకోవాలి. గర్భిణులు, పిల్లలు దగ్గరకు పోరాదు.

3. పశువైద్యుడు నమూనా తీసుకున్న తరువాత, బావికీ చెరువుకూ దూరంగా లోతైన గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. దిబ్బ మీద వేస్తే కుక్కలు వీధివీధికీ లాగుతాయి. తడిసిన గడ్డిని కాల్చివేయాలి. ఆ చోటును బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడగాలి. నీడలో, తేమలో ఈ క్రిమి వారాల తరబడి బతుకుతుంది.

4. ఈసుకుపోయిన పశువు పాలను పశువైద్యుడు సరేననే వరకు కేంద్రంలో పోయవద్దు. ఇంట్లో ఏ పాలనైనా బాగా పొంగించి తాగాలి. మరిగితే ఈ క్రిమి చస్తుంది.

5. 4 నుంచి 8 నెలల వయసు గల పెయ్యదూడలకు ఎస్-19 టీకా ఒక్కసారి వేయించాలి. 2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో ఈ టీకా కూడా ఉంది. కోడెదూడలకు, చూడి పశువులకు ఇది వేయరాదు. ఇందులో ఉన్నది సజీవ క్రిమి గనుక టీకా వేసేవారు చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. మనుషులకు టీకా లేదు కాబట్టి దూడకు వేసిన టీకాయే మనకూ రక్ష.

6. పాడి పని చేసేవారికి వారం దాటి జ్వరం ఉంటే, ఆ పని సంగతి డాక్టరుతో తప్పక చెప్పాలి.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

గడచిన ఏడాదిలో మన ఊరిలో ఎన్ని పశువులు ఈసుకుపోయాయి? వాటిలో ఎన్ని సంగతులు పంచాయతీకి చేరాయి? చచ్చిన పశువులను పూడ్చడానికి పంచాయతీ ఒక స్థలం కేటాయించిందా? అది బావికి ఎంత దూరం? మన పెయ్యదూడల్లో టీకా పడనివి ఎన్ని? రోగం సంగతి దాచకుండా చెప్పిన సభ్యుని ఇంటికి సంఘం మిగులునుంచి ఏమైనా ఆసరా ఇవ్వగలమా?

ఈ ప్రశ్నలకు వచ్చిన జవాబులను తీర్మానంగా రాసి గ్రామసభలో పెట్టండి. సర్పంచి, పంచాయతీ కార్యదర్శి, పశువైద్యుడు, ఆశా కార్యకర్త నలుగురూ ఉన్న రోజున పెట్టండి. పంచాయతీని అడిగే హక్కు మనకున్నది. అడిగేముందు మన పుస్తకంలోని లెక్కను వారిముందు పెట్టవలసిన పని కూడా మనదే.