గుర్తింపు: ఒకే మాట, మూడు ప్రశ్నలు

పిల్లలూ! చార్మినార్ నుంచి పత్తర్‌గట్టి వైపు నడిస్తే ముత్యాల దుకాణాలు వరుసగా కనిపిస్తాయి. ముత్యం అసలుదా కాదా అని చూడడానికి రెండింటిని ఒకదానితో ఒకటి మెల్లగా రుద్దుతారు. సన్నని ఇసుక తగిలినట్లు గరుకుగా ఉంటే అది ముత్యం. నున్నగా జారిపోతే గాజుపూస కావచ్చు. ముత్యంలో కాల్షియం కార్బొనేట్ పలకలు పొరలు పొరలుగా పేరుకొని ఉంటాయి. గరుకుదనానికి వాటి అంచులే కారణం.

ఇది మొదటి రకం గుర్తింపు. ఇందులో ప్రశ్న "ఇది ఏమిటి?" అని. మీరు లిట్మస్ కాగితంతో ఆమ్లాన్ని గుర్తించడం కూడా ఇటువంటిదే. అయితే సహజంగా పుట్టిన ముత్యమూ, మనిషి చిప్పలో పూస పెట్టి పెంచిన ముత్యమూ రెండూ గరుకుగానే ఉంటాయి. ఆ తేడా తేల్చడానికి ఎక్స్-కిరణాలతో లోపలి నిర్మాణం చూడాలి. ఏ పరీక్ష అయినా తనను అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది.

ఇతడెవరు?

రెండవ రకంలో "ఎందరిలోనో ఇతడెవరు?" అన్నది ప్రశ్న. వేలిముద్రల్లో సుడులు, ఉచ్చులు, విల్లులు అని ముఖ్యంగా మూడు రకాలున్నాయి. సుడి ఉన్నవారు కోట్లమంది. కాని గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అని చూస్తే మనిషికీ మనిషికీ తేడా తెలుస్తుంది. ఈ ముద్రలను వర్గీకరించే పద్ధతిని రూపొందించడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ కృషి చేశారు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. 1980 దశకంలో మన హైదరాబాదులోని సీసీఎంబీలో లాల్జీ సింగ్ డీఎన్ఏతో మనిషిని గుర్తించే పద్ధతిని అభివృద్ధి చేశారు. ఒకే పిండం నుంచి పుట్టిన కవలలను మామూలు డీఎన్ఏ పరీక్ష వేరుచేయలేదు. వారి వేలిముద్రలు మాత్రం వేరుగా ఉంటాయి!

ఈమె ఆమేనా?

మూడవది మా విద్యార్థిని ఒకతె చెప్పిన సంగతి. ఆమె నాయనమ్మ ఏళ్ల తరబడి లాడ్ బజారుకు లక్క గాజులు చేసింది. వేడి లక్కను ఒత్తి ఒత్తి వేలికొసలు అరిగిపోయాయి. ఒకనాడు రేషను దుకాణంలో వేలు పెడితే యంత్రం "సరిపోలలేదు" అన్నది. ముసలామె ఖాళీ సంచితో తిరిగి వచ్చింది.

ఇక్కడ యంత్రం కోట్లమందిలో వెదకలేదు. ఆమె కార్డు నంబరు కింద దాచిన ముద్రతో ఈ ముద్రను పోల్చింది, అంతే. "సరిపోలలేదు" అంటే "గీతలు నాకు సరిగా కనబడలేదు" అని కూడా కావచ్చు. "ఈమె ఆమె కాదు" అని దాని అర్థం కాదు. ఎదుట నిలబడిన దుకాణదారుకు ఆమె ఎవరో తెలుసు. మరునాడు కనుపాప చుట్టూ ఉండే రంగు పొరను చూసే పరికరంతో ప్రయత్నిస్తే పని జరిగింది. లక్క కంటిని అరగదీయలేదు కదా!

చేసి చూడండి

కాగితంపై పెన్సిలు పొడి రాసి, దానిపై వేలు అద్దండి. ఆ వేలిపై పారదర్శకమైన టేపు అంటించి, తీసి తెల్లకాగితంపై అతికించండి. మీ ముద్రతో పాటు ఇంట్లో బట్టలు ఉతికే అమ్మది, కూలిపని చేసే నాన్నది కూడా తీయండి. ఎవరి గీతలు మసకగా ఉన్నాయి? ఎందువల్ల? పోల్చి రాయండి. ఈసారి ఎవరినైనా యంత్రం "కాదు" అంటే, దాన్ని అడిగిన ప్రశ్న ఏమిటో ముందు ఆలోచించండి.