పెరటి మడిలో శీతకాలపు కూరలు

మన ప్రాంతమున చలికాలము చిన్నది. మైదానపు జిల్లాలలో రాత్రులు చల్లబడుట నవంబరు నడుమ మొదలై, ఫిబ్రవరి రాగానే తగ్గిపోవును. కాబేజి, కాలీఫ్లవరు, కారెట్, బీట్‌రూట్ ఈ కొద్దిపాటి చలిని నమ్ముకొని పండు కూరలు. కనుక పెరటిలో రెండు సెంట్ల నేల, చాలినంత నీరు ఉన్న రైతు అన్నింటికంటె ముందు చూచుకొనవలసినది కార్తె.

కాలీఫ్లవరు విషయమున ఇది మరీ ముఖ్యము. ఇందులో ముందు రకములు, మధ్య రకములు, ఆలస్యపు రకములు అని మూడు తెగలున్నవి. ఎర్లీ కున్వారి, పూసా కట్కి, పూసా దీపాలి ముందు రకములు. ఇవి 20 నుండి 25 డిగ్రీల వెచ్చదనములోనే పువ్వు కట్టును గనుక వానకాలములోనే నారు పోయవలెను. ఇంప్రూవ్డ్ జపనీస్ వంటి మధ్య రకములకు అంతకంటె చల్లదనము కావలెను. స్నోబాల్ తెగ ఇంకను గట్టి చలిని కోరును. అరకు, లంబసింగి వంటి మన్యపు ఎత్తులలో దానికి తావు గలదు గాని, కోస్తా మైదానములలో దానిని నమ్ముకొనుట మంచిది కాదు.

ముందు రకమును తెచ్చి అక్టోబరులో నారు పోసినచో, మొక్క ఎదుగకమునుపే చలి తగిలి బొత్తామంత పువ్వు వేసి ఆగిపోవును. స్నోబాలును వెచ్చని కాలమున నాటినచో ఆకు ఏపుగా పెరుగును, పువ్వు మాత్రము కట్టదు. కట్టినను గరుకై, నడుమ ఆకులు మొలచును. ఈ రెంటిలోను మొక్క చూపునకు బాగుగనే యుండును. రెండు నెలలు నీరు పెట్టి, కలుపు తీసి, చివరకు రైతు ఎరువు చాలలేదనుకొనును. నిజమునకు నష్టము విత్తనము కొన్ననాడే జరిగినది. “ఏ పువ్వు విత్తనమైతేనేమి” అని కొనవద్దు. రకము పేరు, పరీక్ష తేదీ పొట్లముపై చదివి, రసీదు తీసుకొని, పంట కోయువరకు రెంటిని దాచుకొనుడు.

మైదానములలో మధ్య రకములను ఒకేసారి గాక మూడు విడతలుగా పోయవలెను: ఉత్తర కార్తెలో (సెప్టెంబరు నడుమ) ఒకటి, హస్తలో ఒకటి, చిత్తలో ఒకటి. అరసెంటు నేలలో వరుసల మధ్య 60, మొక్కల మధ్య 45 సెంటీమీటర్ల ఎడముతో సుమారు 70 మొక్కలు పట్టును. అన్నియు ఒకేనాడు నాటినచో పువ్వులన్నియు ఒకే వారము కోతకు వచ్చును. అప్పుడు ఇంటివారు తినలేరు. అంగడిలో ఊరందరి పువ్వులు దిగి ధర పడిపోవును. విడతలుగా వేసినచో డిసెంబరు చివర నుండి ఫిబ్రవరి మొదటి వరకు కూరకు లోటుండదు.

కోస్తావారికి విడతల వలన మరియొక మేలు గలదు. తుపానులు సరిగా ఈ నెలలలోనే వచ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తీరము దాటినవి. నారంతయు ఒకే మడిలో ఒకే వయసుగా ఉన్నచో ఒక్క వానకు పోవును. నారుమడి మీటరు వెడల్పున, 15 సెంటీమీటర్లు ఎత్తుగా కట్టి, చుట్టును కాలువ తీయవలెను. విత్తనమును పలుచగా, వరుసలలో, సెంటీమీటరు లోతున వేయవలెను. మొలకలు మొదట కుళ్ళి పడిపోవుచున్నచో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మడి తడియునట్లు పోయుడు. నారు 25–30 రోజులదై యుండవలెను. ముదిరిన నారు నాటినను బొత్తాము పువ్వులే వచ్చును.

ఇచ్చట గ్రామాధికారులకు ఒక మాట. గ్రాము విత్తనములో సుమారు 300 గింజలుండును. ఒక ఇంటికి కావలసినది అర గ్రాముకు మించదు. పొట్లము మాత్రము 10 గ్రాములది. నలుగురు కలిసి ఊరుమ్మడిగా నారుమడి పోసుకొన్నచో ఒక పొట్లము ఇరవై ఇండ్లకు పైగా సరిపోవును. మంచి రకమునకు పెట్టు ఖర్చు ఒక్కరి మీద పడదు.

మిగిలిన నేలలో దుంపలు, ఆకుకూరలు వేసుకొనవచ్చును. కారెట్‌కు, ముల్లంగికి నారు పనికిరాదు, ఉన్నచోటనే విత్తవలెను. పచ్చి పెంట వేసిన మడిలో కారెట్ దుంపలు చీలిపోవును. బీట్‌రూట్ విత్తనమని మనమనుకొనునది నిజమునకు గింజల గుత్తి. ఒక్కొక్కదాని నుండి రెండు మూడు మొలకలు వచ్చును గనుక ఒకటి ఉంచి తక్కినవి తీయవలెను. ముల్లంగిని పది రోజులకొక వరుస చొప్పున విత్తి, 45 రోజులకు పీకుడు. ఆలస్యమైన బెండు బారును. ధనియాలను పలకతో రుద్ది బద్దలు చేసి చల్లవలెను. మెంతికూర సంగతి మీకు చెప్పనక్కరలేదు.

కాబేజి, కాలీఫ్లవరులకు డైమండ్ రెక్కల పురుగు బెడద ఎక్కువ. నాటుటకు పదిహేను రోజుల ముందు మడి అంచున ఆవాలు చల్లినచో తల్లి పురుగులు ఆ మొక్కలపైననే గ్రుడ్లు పెట్టును. పురుగు చేరిన ఆవ మొక్కలను పీకి నాశనము చేయుట మరువరాదు. లేనిచో పురుగులను మనమే పెంచినట్లగును. ఆపైన లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రంతయు నానబెట్టి, వడగట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలము చల్లుడు. ఇంటిలో వండుకొను పంటకు విషపు మందులతో పని పెట్టుకొనకుండుటే నా సలహా.

కాండము లోపల బోలుగా, గోధుమరంగుగా ఉన్నచో అది బోరాన్ లోపము. లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్సు చల్లవలెను. పువ్వు కోడిగ్రుడ్డంత అయినప్పుడు చుట్టుటాకులను పైకి మడచి కట్టినచో ఎండ తగులక తెల్లగా ఉండును. కాబేజి గడ్డ గట్టిపడిన తరువాత మడిని ఎండగట్టి ఒక్కసారిగా నీరు పెట్టరాదు, గడ్డ పగులును. మురుగు కాలువ నీటిని ఏ కూరకును, ముఖ్యముగా కొత్తిమీరకు, పెట్టవద్దు.

చివరి పువ్వు కోసిన పిమ్మట మోళ్ళను వేళ్ళతో సహా పెరికి, ఆ మడిలో బెండ గాని, గోరుచిక్కుడు గాని విత్తుడు. వచ్చే చలికాలమున కాబేజి, కాలీఫ్లవరులకు వేరొక మూల చూచుకొనవలెను.