చేతితో నడిపిన పాట



బతుకమ్మ ఆట గుర్తు చేసుకోండి. ఒకామె పాట అందుకుంటది. మిగతావాళ్లు వెంట పాడుతరు. చప్పట్లన్నీ ఒక్కసారే పడుతయి. ఒక్కరు తొందరపడ్డా ఆట చెదురుతది.

పెద్ద వాద్యబృందం కూడా అంతే. అందులో వీణ, వేణువు, సితారు, ఫిడేలు, తబలా, మృదంగం ఉంటాయి. ఎంతోమంది కలిసి వాయిస్తారు. వారి ముందు ఒకరు నిలబడతారు. ఆయన ఏమీ వాయించరు. ఎవరు మొదలుపెట్టాలో, ఎవరు ఆపాలో, ఎవరు తగ్గించాలో చేతులతోనే చెపుతారు. ఆయనే వాద్యబృంద నిర్వాహకుడు.

ఈ పని చేసి పేరు పొందిన తెలుగువారు ఈమని శంకరశాస్త్రి గారు.

ఆయన 1922లో గోదావరి సీమలోని ద్రాక్షారామంలో పుట్టారు. మన వేములవాడలో భీమన్న గుడి ఉంది కదా! ద్రాక్షారామంలోనూ భీమేశ్వరుని గుడి ఉంది. తండ్రి అచ్యుతరామశాస్త్రి గారు వీణ విద్వాంసులు. కొడుకు తండ్రి దగ్గరే వీణ నేర్చుకున్నారు.

వీణకు ఏడు తీగలు, 24 మెట్లు. వేళ్లు కాయలు కాసేదాకా సాధన చేస్తేనే అది పలుకుతుంది.

తరువాత శాస్త్రి గారు మద్రాసు వెళ్లారు. జెమిని స్టూడియోలో సినిమా సంగీతం పని చేశారు. 1959లో ఆకాశవాణిలో చేరారు. ఆ తరువాత ఢిల్లీలో ఆకాశవాణి వాద్యబృందాన్ని నడిపించారు. ఆ బృందం 1952లో ఏర్పడింది. అందులో ఉత్తరాది వాళ్లు, దక్షిణాది వాళ్లు కలిసి వాయించేవారు. వారి భాషలు వేరు, వాద్యాలు వేరు. అయినా సరిగమలు అందరివీ. పేరున్న వీణ విద్వాంసుడు చిట్టిబాబు ఆయన శిష్యుడే. శాస్త్రి గారు 1987లో కన్నుమూశారు.

మన దేశం వాడే ఇంకొకరు జుబిన్ మెహతా. 1936లో బొంబాయిలో పుట్టారు. డాక్టరు చదువు మానేసి, 1954లో సంగీతం నేర్చుకోవడానికి వియన్నా నగరం వెళ్లారు. అమెరికాలోని న్యూయార్క్ వాద్యబృందాన్ని 1978 నుంచి 1991 దాకా నడిపించారు. ప్రపంచమంతా పేరు పొందారు.

ఇందులో మనం నేర్చుకునేది ఏమిటి?

వీణది మెల్లని గొంతు. డోలుది పెద్ద గొంతు. రెండూ ఒక్కసారి మోగితే వీణ వినపడదు. అప్పుడు నిర్వాహకుడు డోలును తగ్గించమంటాడు. డోలును పొమ్మనడు. వీణను కూడా విననిస్తాడు.

మన సంఘం మీటింగులో కూడా పెద్ద గొంతు వాళ్లుంటరు. మూలకు కూర్చుని, నోరు తెరవని అక్క కూడా ఉంటది. ఆమె మాట ఎవరు వింటున్నరు? "నువ్వేమంటవు అక్కా?" అని ఒక్కరు అడిగితే చాలు. ఆ అడిగినామె కూడా నిర్వాహకురాలే.

కొత్త మాటలు
వాద్యం - వాయించే వస్తువు
బృందం - గుంపు
సాధన - మళ్లీ మళ్లీ చేసి నేర్చుకోవడం

జవాబులు రాయండి
1. శంకరశాస్త్రి గారు ఎక్కడ పుట్టారు?
2. వీణకు ఎన్ని తీగలు?
3. మీ సంఘంలో తక్కువ మాట్లాడే అక్క ఎవరు? ఈసారి ఆమెను ఏమి అడుగుతారు?

చేసి చూడండి
రెండు గుంపులుగా కూర్చోండి. ఒక అక్క ముందు నిలబడాలి. ఆమె చేయి ఎత్తిన గుంపే చప్పట్లు కొట్టాలి. చేయి దించగానే ఆపాలి. తరువాత ఇంకో అక్క ముందుకు రావాలి. అందరికీ వంతు రావాలి.