మోకాలు దెబ్బతిన్న నాగండ్ల బిడ్డ



మిరపకోతలు ముగిసి వేసవి సెలవులు రాగానే విచారణలలో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. "మావాడు తైక్వాండో నేర్చుకుంటానని ఒకటే గొడవ. కాలు విరిగితే ఎలా? చదువు ఏమైపోతుంది?" ఈ రెండు భయాలూ న్యాయమైనవే. మన నేల మీద పుట్టిన ఒక ఆటగాని జీవితం చూద్దాం. ఆయన ఆట తైక్వాండో కాదు, బ్యాడ్మింటన్. అయితే ఎగిరి తన్నేవారికైనా, ఎగిరి కొట్టేవారికైనా భారమంతా మోకాలి మీదనే గదా!

పుల్లెల గోపీచంద్ 1973 నవంబరు 16న నాగండ్లలో జన్మించారు. అప్పుడది ప్రకాశం జిల్లా, 2022 నుండి బాపట్ల జిల్లా. చిన్నప్పుడు ఆయన మోజు క్రికెట్ మీద; అన్నగారి ప్రోత్సాహంతో బ్యాడ్మింటన్ పట్టారు. అన్న ఐఐటీకి వెళ్లారు, తమ్ముడు ఆ పరీక్ష తప్పారు. తప్పడం తన అదృష్టమని తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పుకున్నారు. (పరీక్ష తప్పిన ప్రతివాడూ గోపీచంద్ కాడు. పిల్లలు ఈ వాక్యాన్ని తండ్రికి చూపించి తప్పించుకోరాదు!)

1994లో పుణెలో జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా తన జతగాడినే ఢీకొని పడ్డారు. మోకాలి లోపలి లిగమెంట్ తెగింది. తొడ ఎముకను, కాలి ఎముకను పట్టి ఉంచే తాడు వంటిది అది. తెగితే తిరిగేటప్పుడు, దూకి దిగేటప్పుడు మోకాలు పట్టు తప్పుతుంది. పసరు పూసి కట్టు కట్టించినంత మాత్రాన అది అతుక్కోదు. మోకాలు వాచినా, నడుస్తుంటే జారినట్లున్నా ఎముకల డాక్టరుకు చూపించాలి. "ఏం కాదులే, ఆడు" అనే కోచ్ మాట వినకూడదు.

గోపీచంద్‌కు ఒకటికి మించి ఆపరేషన్లు జరిగాయి. మళ్లీ నడక నేర్చి, పరుగు నేర్చి, 1996 నుండి 2000 వరకు వరుసగా ఐదుసార్లు జాతీయ ఛాంపియన్ అయ్యారు. 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించారు. 1980లో ప్రకాశ్ పదుకొనే తర్వాత ఆ టైటిల్ గెలిచిన భారతీయుడు ఆయనే.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చిందని నాకనిపిస్తుంది. కూల్‌డ్రింకు ప్రకటనలో నటించమని పెద్ద మొత్తం ఇవ్వజూపారు. అది ఒంటికి మంచిది కాదు, తాను తాగనిది పిల్లల్ని తాగమని చెప్పలేనని ఆయన వద్దన్నారు. డబ్బు అక్కరలేక కాదు. కొన్నేళ్లకు హైదరాబాదు గచ్చిబౌలిలో అకాడమీ కట్టడానికి సొంత ఇల్లే తాకట్టు పెట్టవలసి వచ్చింది. పత్తి పెట్టుబడికి పొలం కాగితాలు తాకట్టు పెట్టిన మన రైతులకు ఆ రాత్రుల నిద్ర ఎలాంటిదో వేరే చెప్పాలా?

2008లో అకాడమీ మొదలైంది. ఆయన శిక్షణలో సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016 రియోలో రజతం సాధించారు. రియోకు ముందు సింధు ఫోను మూడు నెలలు గురువుగారి దగ్గరే ఉంది, ఐస్‌క్రీమ్ కూడా బంద్. పతకం చేతికొచ్చాకే రెండూ తిరిగి దొరికాయి.