విప్పే ముందు విను

ఖమ్తరాయి, రాయ్‌పూర్
బుధవారం

చిరంజీవి అమ్మడికి, మావయ్య ఆశీర్వదించి రాసేది.

నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పిన మాట రాత్రంతా చెవిలో తిరుగుతూనే ఉంది. కారు శబ్దం చేస్తోందని ధమ్‌తరీలో ఇద్దరు మెకానిక్‌లకు చూపించానన్నావు. ఒకాయన టాపెట్లు అన్నాడు. ఇంకొకాయన బానెట్ ఎత్తి అర నిమిషం విని, "ఇంజన్ ఖోల్నా పడేగా" అన్నాడు. ఆదివారం బండి రాయ్‌పూర్ తెచ్చి ఇంజన్ విప్పించేస్తానన్నావు. బండి తీసుకురా. విప్పించే సంగతి మాత్రం అప్పుడే తేల్చుకోకు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన శబ్దం మూడుసార్లు విన్నాను. ఫోన్‌లో లోతైన దెబ్బ సగం పోతుంది, ఏ మూల నుంచి వస్తోందో అసలే తెలియదు. ఆ పని నీ చెవే చెయ్యాలి.

నా ఉద్యోగమంతా చెవితోనే గడిచింది. రైల్వే వ్యాగన్ రిపేర్ షాపుకి రాకముందు, రైళ్లను తనిఖీ చేసే టీఎక్స్‌ఆర్ గ్యాంగులో ఉండేవాణ్ణి. రైలు స్టేషన్లోకి వస్తుంటే లైనుకి రెండు పక్కలా నిలబడి, కదిలే చక్రాల్ని చూస్తూ వినేవాళ్లం. దాన్ని రోలింగ్ ఇన్ అంటారు. మంచి చక్రాన్ని సుత్తితో కొడితే గంటలా మోగుతుంది, పగులుంటే బొంగురుగా పలుకుతుంది. మా పెద్ద మిస్త్రీ నేర్పిన మొదటి పాఠం ఇంకోటి: శబ్దం ఎలా ఉందో వినే ముందు ఎంతకొకసారి వస్తోందో విను. పాత పట్టా ముక్క పొడవు 13 మీటర్లు. రైల్లో కూర్చున్నవాడికి 13 మీటర్లకొక దెబ్బ వినిపిస్తే అది పట్టాల అతుకు. చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 3 మీటర్లు. అంత దూరానికొక దెబ్బ పడుతుంటే చక్రం ఒకచోట అరిగి చదునైందని అర్థం. ఏమీ విప్పకుండానే తప్పు పట్టాలదా, చక్రానిదా అని తేలిపోయేది.

మీ నాన్న మారుతి 800కీ ఇదే లెక్క. ముందు శబ్దం ఇంజన్ వేగంతో మారుతోందా, చక్రం వేగంతో మారుతోందా చూడు. ఖాళీ రోడ్డు మీద నలభైలో థర్డ్ గేర్‌లో కాసేపు, అదే నలభైలో ఫోర్త్‌లో కాసేపు నడుపు. గేర్ మారగానే శబ్దం లయ మారితే అది ఇంజన్ వైపుది. మారకపోతే చక్రం బేరింగో, ఇరుసో. తర్వాత బండి ఆపి, న్యూట్రల్‌లో ఇంజన్ తిరుగుతుండగా క్లచ్ తొక్కు. తొక్కగానే శబ్దం పోతే గేర్‌బాక్సు బేరింగ్‌ని, తొక్కినప్పుడే వస్తే క్లచ్ రిలీజ్ బేరింగ్‌ని అనుమానించాలి.

ఇంజన్‌దే అని తేలితే ఇంకో లెక్క ఉంది. మన పెట్రోలు ఇంజన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే టాపెట్లను కదిలించే క్యామ్ ఒక్క చుట్టే తిరుగుతుంది. అందుకే టాపెట్ శబ్దం ఇంజన్ వేగంలో సగం వేగంతో, పైనుంచి, టిక్ టిక్ మని సన్నగా వస్తుంది. కింద బిగ్ ఎండ్ బేరింగ్ అరిగితే బరువైన దెబ్బ వస్తుంది, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ముదురుతుంది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు టిక్ మని, వేడెక్కాక తగ్గిపోతే ఎగ్జాస్ట్ గాస్కెట్ దగ్గర గాలి కారుతుండొచ్చు. ఇనుము వేడికి సాగి ఆ సందు మూసుకుంటుంది. పిస్టన్ కాస్త వదులైనా అలాగే ఉంటుంది. వేడెక్కాక పెరిగే శబ్దమైతే ముందు ఆయిల్ చూడాలి. ఇక కేశ్‌కాల్ ఘాట్ ఎక్కేటప్పుడు, టాప్ గేర్‌లో బండి ఈడుస్తున్నప్పుడు మాత్రమే గలగలమంటే గేర్ తగ్గించి చూడు. చాలాసార్లు అక్కడికే ఆగుతుంది.

నేను దెబ్బతిన్నదీ ఇలాంటి చోటే. నా అంబాసిడర్ ఒక వానాకాలం టకటకమనడం మొదలుపెట్టింది. గ్యారేజీకి తీసుకెళ్లి, "టాపెట్లు కొట్టుకుంటున్నాయి" అన్నాను. వాళ్లు హెడ్ దింపారు, గాస్కెట్ మార్చారు, వాల్వులు రుద్దారు. పదకొండు రోజులు పట్టింది, నెల జీతం పోయింది. ఇంటికి తెచ్చిన సాయంత్రం అదే టకటక. అప్పుడు కూర్చుని, యార్డులో వినే పద్ధతిలో విన్నాను. ఆల్టర్నేటర్‌ని పట్టి ఉంచే బోల్టు వదులైంది. పానాతో రెండు తిప్పులు తిప్పితే సరిపోయింది. తప్పంతా వాళ్లమీద వేయలేను. లక్షణం చెప్పాల్సిన నేను రోగం పేరు చెప్పాను. వాళ్లు నేను చెప్పిన రోగానికే వైద్యం చేశారు.

అందుకే ఈ నాలుగు రోజులూ డాష్‌బోర్డులో ఒక నోటుబుక్కు పెట్టుకో. చల్లగా ఉన్నప్పుడా, వేడిగా ఉన్నప్పుడా? ఆగి ఉన్నప్పుడా, కదిలేటప్పుడా? ఏసీ వేస్తే, స్టీరింగ్ తిప్పితే, గుంతలో పడితే ఎలా ఉంది? కీచుమంటే బెల్టు మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లు. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే బెల్టుదే. ఆ బెల్టే ఆల్టర్నేటర్‌నీ, వాటర్ పంపునీ తిప్పుతుంది కాబట్టి వాటి బేరింగులూ అనుమానంలో ఉంటాయి.

చోటు పట్టుకోవడానికి పొడవాటి స్క్రూడ్రైవర్ చాలు. మొన ఇంజన్ మీద ఆన్చి, పిడిని చెవి ముందున్న ఎముకకు ఆనించు. 1816లో లేనెక్ అనే ఫ్రెంచి వైద్యుడు కాగితం చుట్టి రోగి గుండెకు ఆన్చి విన్నాడు, స్టెతస్కోపు అక్కడే పుట్టింది. ఇదీ అదే విద్య. పైన వాల్వు కవర్ మీద, పక్కన బ్లాకు మీద, ఆల్టర్నేటర్ ఒంటిమీద విను. ఎక్కడ గట్టిగా ఉందో అక్కడే తప్పు. బెల్టుకి, ఫ్యానుకి మాత్రం దూరంగా ఉండు. ఆ ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది. చున్నీ ఇంట్లో వదిలి, జడ ముడేసుకునే బానెట్ ఎత్తు.

ఒక్క విషయంలో మాత్రం పరీక్షలేమీ వద్దు. ఆయిల్ లైటు వెలిగినా, లోతైన దెబ్బ వినిపించినా వెంటనే ఇంజన్ ఆపెయ్. చదునైన చోట కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడు. ఆయిల్ తక్కువుంటే పోయించు. నింపాక కూడా లైటు ఆరకపోయినా, దెబ్బ తగ్గకపోయినా బండి కదపొద్దు. నాకు ఫోన్ చెయ్యి, మొదటి బస్సుకే వస్తాను.

ఎవరు ముట్టుకున్నా ఒకసారికి ఒక్కటే మార్చమను. మార్చిన పాత భాగం అడిగి తీసుకో. నాలుగు భాగాలు ఒకేసారి మారిస్తే శబ్దం పోయినా ఎందుకు పోయిందో తెలియదు. పాత బండి అని జాలిపడి అమ్మేయకు, భయపడి విప్పేయకు. మీ నాన్న ఆ బండి స్టార్ట్ చేశాక కాసేపు మాట్లాడేవాడు కాదు, వినేవాడు. నువ్వు వెనక సీట్లో కూర్చుని "పోదాం నాన్నా" అని తొందరపెట్టేదానివి. ఆయన ఏం వింటున్నాడో ఇప్పుడు నీకు అర్థమవుతుంది.

ఆదివారం సందు మలుపు తిరిగాక హారన్ కొట్టకు, రేడియో కట్టెయ్, మెల్లగా రా. నేను గేటు దగ్గర నిలబడి ఉంటాను. నువ్వు రాసింది, నేను విన్నది పక్కపక్కన పెట్టుకుని చూద్దాం. విప్పాలో వద్దో ఆ తర్వాతే.

ఆశీస్సులతో,
మీ మావయ్య