బేరింగ్ మార్చాక ఏబీఎస్ లైటు ఆరడం లేదా?

శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ రోడ్ల మీద కంకర, రాతిపొడి టిప్పర్లు తిరగని పూట ఉండదు. బరువు, దుమ్ము, గుంతలు మూడూ కలిశాక వీల్ బేరింగులు ఎక్కువ కాలం నిలవవు. బేరింగ్ మార్చుకోవడం డ్రైవర్లకు కొత్తేమీ కాదు. ఆ తర్వాత వచ్చే తలనొప్పే కొత్తది. చక్రం బిగించి, జాకీ దించి, కీ తిప్పితే మీటర్ బోర్డులో పసుపు రంగు ఏబీఎస్ లైటు పడుతుంది. ఎంతకీ ఆరదు. "పొద్దుగాల లేకుండె గదన్నా, గిప్పుడెందుకు పడ్డది?" అంటాడు డ్రైవర్. "దానికీ బేరింగుకూ ఏం సంబంధం?" అంటాడు మెకానిక్.

సంబంధం ఉంది. 2015లో నిబంధన వచ్చాక భారీ వాహనాలన్నీ ఏబీఎస్‌తోనే వస్తున్నాయి. వీటిలో హబ్ లోపలి వైపు పళ్లున్న ఇనుప రింగు ఒకటి ఉంటుంది. చాలా లారీల్లో దానికి 100 పళ్లు. దాన్ని దాదాపు ఆనుకుని, ఆక్సిల్ వైపు వేలంత సెన్సార్ ఉంటుంది. పళ్లు ముందు నుంచి పోతుంటే సెన్సార్‌లో చిన్న కరెంటు పుడుతుంది. దాన్నిబట్టే చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కంట్రోల్ యూనిట్‌కు తెలుస్తుంది. బేరింగ్ కోసం హబ్ లాగితే రింగు హబ్‌తో పాటు బయటికొస్తుంది, సెన్సార్ ఆక్సిల్ మీదే ఉండిపోతుంది. తిరిగి ఎక్కించేటప్పుడు ఆ రెండింటి మధ్య సందు మునుపటిలా కుదరకపోతే లైటు పడుతుంది. కాబట్టి వేల రూపాయలు పోసి కొత్త సెన్సార్ కొనేముందు, ఆ రోజు చెయ్యి పడిన చోటు చూడండి. తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

మొదట రంగు చూడండి

ఎరుపు లైటు గానీ, ఎయిర్ తక్కువైందని బజర్ గానీ ఉంటే బండి కదలకూడదు. ఎయిర్ బ్రేకు బండి అయితే ఇంజిన్ ఆన్ చేసి ట్యాంకులు నిండేదాకా ఆగండి. ఎంతసేపటికీ నిండక ఎరుపు పోకపోతే ఎక్కడో గాలి లీకవుతుండొచ్చు. బ్రేక్ ఆయిల్ బండి అయితే డబ్బాలో ఆయిల్ మట్టం, హ్యాండ్ బ్రేక్ స్విచ్ చూడాలి. పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే ఉంటే మామూలు బ్రేకు పనిచేస్తుంది. కానీ గట్టిగా తొక్కితే చక్రాలు పట్టేసి బండి జారొచ్చు. వానలో, అందులోనూ ఖాళీ టిప్పర్‌తో, ఆ ప్రమాదం మరీ ఎక్కువ. మెల్లగా షెడ్డు దాకా పోవచ్చు, ట్రిప్పు కొట్టకూడదు.

ఇంజిన్ బొమ్మ లైటు కూడా వెలిగితే దాన్ని బేరింగ్ ఖాతాలో వేయకండి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 బండ్లలో దాని కారణాలు వేరే ఉంటాయి, అది వేరే రోజు పని.

లైటు ఎప్పుడు పడుతోంది?

అసలు కథ ఇక్కడే ఉంది. స్కానర్ పెట్టకముందే సగం జవాబు దీంట్లో దొరుకుతుంది. డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని తీరిగ్గా అడగాలి.

కీ ఆన్ చేయగానే లైటు వెలిగి, రెండు మూడు సెకన్లలో ఆరిపోవడం ఆరోగ్యం. అసలు వెలగకపోతే సంతోషించకండి. లైటు గోల పడలేక ఎప్పుడో బల్బు పీకించేసిన బండ్లు ఉంటాయి.

సెన్సార్ తప్పును సరిచేసిన తర్వాత కూడా బండి నిలబడి ఉన్నంతసేపు లైటు వెలుగుతూనే ఉండొచ్చు. చాలామంది ఇక్కడే మోసపోతారు. చక్రం తిరిగితే గానీ సెన్సార్ పనిచేస్తోందో లేదో యూనిట్‌కు తెలియదు. వాబ్కో రకం సిస్టమ్‌లలో బండి గంటకు సుమారు 7 కిలోమీటర్ల వేగం దాటాకే లైటు ఆరుతుంది. అందుకని షెడ్డులో నిలబెట్టి ఇంకా వెలుగుతోందని మళ్లీ హబ్ విప్పకండి. కాంటా పక్కన ఖాళీ జాగాలో ఒక చుట్టు తిప్పి చూడండి.

కదిలినా ఆరకపోతే వైరు గానీ కప్లర్ గానీ తెగి ఉండొచ్చు, ఊడి ఉండొచ్చు. నిలబడినప్పుడు ఆరి ఉండి, కదిలిన కాసేపటికి పడితే అనుమానం సందు మీదకు పోవాలి: సెన్సార్ వెనక్కి జరిగిందా, రింగు వంకర పోయిందా? గుంతలో పడ్డప్పుడే వెలిగితే బేరింగ్ వదులుగా ఉండి హబ్ ఊగుతోందేమో చూడాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడే వెలిగితే ముందు చక్రం దగ్గర వైరును బిగుతుగా లాగి కట్టారని అర్థం.

ఇప్పుడు చక్రం దగ్గరికి

బండిని చదును నేల మీద పెట్టి, మిగతా చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు వేయండి. రోడ్డు పక్కన దొరికిన రాయి వద్దు, జారుతుంది. జాకీ మీద లేపాక ఆక్సిల్ కింద స్టాండు పెట్టాలి. జాకీని నమ్ముకుని బండి కిందికి దూరొద్దు.

ముందు కప్లర్. ఊడదీసి చూడండి. పిన్ను వంగిందా, గ్రీజు నిండిందా, లాక్ టిక్కుమని పడిందా? హబ్ లాగేటప్పుడు వైరు కప్లర్ మొదట్లోనే తెగుతుంది. పైతొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది.

తర్వాత సెన్సార్. లారీల్లో ఇది స్ప్రింగు బుష్‌లో గట్టిగా కూర్చుంటుంది. బోల్టు ఉండదు. హబ్ ఎక్కించేటప్పుడు రింగు తగిలి సెన్సార్ వెనక్కి పోతుంది. చాలా బండ్లలో తప్పు ఇదే. చేతి వేళ్లతో నొక్కి, రింగుకు తగిలేదాకా లోపలికి తోయండి. చక్రం ఒక చుట్టు తిరిగితే ఎత్తుగా ఉన్న పళ్లే దాన్ని కావలసినంత వెనక్కి నెట్టి సందు సరిచేస్తాయి. ఆ తర్వాత సందు 0.7 మిల్లీమీటరు దాటకూడదు. సుత్తి ముట్టొద్దు. లోపలున్న తీగచుట్ట పగిలితే అప్పుడు నిజంగానే కొత్త సెన్సార్ కొనాల్సి వస్తుంది. చేత్తో తోస్తే కదలకపోయినా, వదిలితే తిరిగొచ్చినా బుష్ మార్చండి. దాని ఖరీదు సెన్సార్‌లో ఎన్నో వంతు కూడా ఉండదు.

రింగును టార్చి వేసి చుట్టూ తిప్పి చూడండి. ఒక పన్ను వంగినా, తుప్పు పొర లేచినా, సెన్సార్ మొన మీద ఇనుప రజను అంటుకున్నా సరిపోతుంది, లైటు పడటానికి. సెన్సార్‌లో అయస్కాంతం ఉంటుంది కదా, బేరింగ్ కప్పు కొట్టినప్పుడు రాలిన రజనంతా దానికే పట్టుకుంటుంది. ఇక ఆటోనగర్ నుంచి పాత హబ్ తెచ్చి వేశారంటే పళ్లు లెక్కపెట్టక తప్పదు. 80 పళ్ల రింగు పడితే ఆ చక్రం వేగం యూనిట్‌కు తప్పుగా కనబడుతుంది.

మల్టీమీటర్ ఉంటే

పళ్ల రింగుతో పనిచేసే రెండు వైర్ల సెన్సార్‌కు మాత్రమే ఈ పరీక్ష. కప్లర్ తీసి రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. సాధారణంగా 900 నుంచి 2,000 దాకా చూపుతుంది. అంకె కన్నా నమ్మదగ్గది, అదే ఆక్సిల్ అవతలి చక్రంతో పోల్చడం. రెండూ దగ్గరగా ఉంటే తీగచుట్ట బాగున్నట్టే. ఇప్పుడు మీటరును ఏసీ వోల్టులకు మార్చి, రెండు సెకన్లకు ఒక చుట్టు పడేలా చక్రాన్ని చేత్తో తిప్పండి. 0.2 వోల్టు కూడా రాకపోతే మళ్లీ సందు చూసుకోండి.

కూరగాయలు మోసే పికప్పుల్లో, కార్లలో ఏబీఎస్ ఉంటే కొన్నింటికి అసలు పళ్లే ఉండవు. బేరింగ్ సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది, చూడటానికి మామూలు నల్ల సీలులా ఉంటుంది. దాన్ని తిరగేసి ప్రెస్ చేస్తే సెన్సార్‌కు ఏమీ కనిపించదు. బిగించక ముందే చిన్న పేపర్ క్లిప్పు ఆనించండి. కొద్దిగా అంటుకునే వైపు సెన్సార్ వైపు రావాలి. ప్రెస్ చేశాక తెలిస్తే ఆ బేరింగ్ పోయినట్టే, ఊడదీసి మళ్లీ వేయడానికి పనికిరాదు. ఈ బండ్ల సెన్సార్‌కు పైన చెప్పిన ఓమ్స్ పరీక్ష చేయకండి, పాడవుతుంది.

ఇంతా చేసినా దొరకకపోతే స్కానర్ వాడండి. షాపులో మొదటే ఎరేజ్ కొట్టించొద్దు. ఏ చక్రం, ఏ తప్పు అన్నది కాగితం మీద రాయించుకున్నాకే చెరిపించండి. పని చేసింది ఎడమ వెనక చక్రానికైతే, స్కానర్ కుడి ముందు చక్రం చూపిస్తుంటే, అది ముందునుంచీ ఉన్న జబ్బు అన్నమాట. మెకానిక్‌తో గొడవ అక్కర్లేదు.

లైటు ఆరాక

ఖాళీ బండితో పది కిలోమీటర్లు పోయి రండి. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల వరుస దగ్గర ఆపాలనుకుంటే రోడ్డు దిగి పూర్తిగా పక్కకు ఆపండి. హబ్‌కు చెయ్యి ఆనించకుండా, దగ్గరగా పెట్టి వేడి చూడండి. అవతలి చక్రం కన్నా బాగా వేడిగా ఉంటే నట్టు మరీ బిగించారు. లైటు లేకపోయినా ఆ బేరింగ్ ఎక్కువ రోజులు నడవదు. వీల్ నట్లు 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి.

వెనక చక్రం పని అయితే ఇంకొకటి చూడాలి. డ్రమ్ము ఊడటానికి గాలి లేకుండానే స్ప్రింగు బ్రేకును బోల్టుతో వెనక్కి లాగి కట్టేస్తారు. పనయ్యాక ఆ బోల్టు విప్పడం మరిచిపోతే ఆ చక్రానికి హ్యాండ్ బ్రేకు ఉండదు. దీనికి మీటర్ బోర్డులో ఏ లైటూ పడదు. చాంబర్ వెనక బోల్టు బయటికి పొడుచుకుని ఉందేమో కంటితో చూసి, చిన్న ఎత్తు మీద హ్యాండ్ బ్రేకు వేసి, కాలు మెల్లగా బ్రేకు మీంచి తీసి చూశాకే లోడుకు పంపండి.